ఆ మెసేజ్ మీ టేబుల్ దాకా వచ్చిందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పోలీసు స్టేషన్ల నుంచే ఉన్నాయి. ఎస్సైలు రాశారు, సీఐలు రాశారు, ఒక హెడ్ కానిస్టేబుల్ గారి ఇల్లాలు కూడా రాశారు. అందరూ అడిగేది దాదాపు ఒకటే. శిక్షణలంటారు, డిప్యుటేషన్లంటారు, పతకాలంటారు, అవి మాదాకా ఎందుకు రావడం లేదు? ఈ జిల్లాల్లోనే ఎస్సైగా చేరి, మధ్యలో విజయనగరం పోలీసు ట్రైనింగ్ కాలేజీ (పీటీసీ)లో లా పాఠాలు చెప్పి, డీఎస్పీగా రిటైరైన మనిషిని నేను. ఆ అనుభవంతోనే జవాబులు రాస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు, స్టేషన్ల పేర్లు తీసేశాను.

ప్రశ్న: సార్, ఇచ్ఛాపురం వైపు ఎస్సైగా చేస్తున్నాను. ఆరేళ్ల సర్వీసు. ఒడిశా బోర్డర్ కాబట్టి హైవే మీద గంజాయి కేసులు ఎక్కువ. రాత్రంతా కాపు కాసి పట్టుకుంటాం, తీరా కోర్టులో మా కాగితాల దగ్గరే కేసు పోతోంది. ఇప్పటికి రెండు కేసులు కొట్టేశారు. దీనికి ఎక్కడైనా మంచి ట్రైనింగ్ ఉందా? అడిగితే డ్యూటీ తప్పించుకోడానికి అనుకుంటారేమోనని టెన్షన్.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ టెన్షన్ సంగతి మాట్లాడాలి. నేను ఎస్సైగా ఉన్నప్పుడు హైదరాబాద్ రామంతాపూర్‌లో సెంట్రల్ డిటెక్టివ్ ట్రైనింగ్ స్కూల్ కోర్సుకు నా పేరు వెళ్లింది. ఆ సంగతి నాకు తెలిసేసరికి కోర్సు మొదలై నాలుగు రోజులైంది. రిలీవ్ చేయమన్న మెసేజ్ పై ఆఫీసులో బందోబస్తు కాగితాల కింద ఉండిపోయింది. సిరిమాను పండుగ వారం అది, సెలవులన్నీ బంద్. నేనూ గట్టిగా అడగలేదు. మళ్లీ ఏడాది చూసుకుందాంలే అనుకున్నాను.

ఆ శీతాకాలంలోనే నా స్టేషన్లో ఒక హత్య జరిగింది. ముద్దాయి ఇంట్లో రక్తం మరకలున్న చొక్కా, లుంగీ దొరికాయి. ఇంకా తడిగానే ఉన్నాయి. వాటిని అలాగే ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీలు వేయించాను. ల్యాబ్‌కు చేరేసరికి బూజు పట్టి పాడైపోయాయి. నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలని నాకు తెలియదు. తర్వాత అదే కోర్సుకు వెళ్లొచ్చిన నా బ్యాచ్‌మేట్ నోట్సులో ఆ ముక్క కనిపించింది. కేసు కొట్టేశారు. చనిపోయిన కుర్రాడి తల్లి కోర్టు మెట్ల మీద నన్ను ఒక్క మాట కూడా అనలేదు, చూసి వెళ్లిపోయింది. అందుకే చెబుతున్నాను, ట్రైనింగ్ అడగడం కూడా డ్యూటీయే. మొహమాటపడకండి.

ఆ స్కూలే ఇప్పుడు సెంట్రల్ డిటెక్టివ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్. ఇలాంటివాటిలో మొదటిది 1958లో కోల్‌కతాలో వచ్చింది. మన హైదరాబాద్‌ది 1964 నాటిది. ఇవి బ్యూరో ఆఫ్ పోలీస్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ కింద నడుస్తాయి. ఎస్సై నుంచి డీఎస్పీ దాకా అన్ని రాష్ట్రాల వాళ్లనూ తీసుకుంటారు. ఏడాదికి ఎప్పుడెప్పుడు ఏ కోర్సులో ముందే క్యాలెండర్ వేస్తారు. అది తీసి మత్తుపదార్థాల కేసుల దర్యాప్తు కోర్సు ఏ తేదీల్లో ఉందో చూసుకోండి. సీఐ గారి ద్వారా ఎస్పీ గారికి ఒక పేజీ రాయండి. కోర్సు పేరు, తేదీలు, మీ స్టేషన్లో ఈ రకం కేసులు ఎన్ని ఉన్నాయి, పోయిన రెండూ ఎందుకు పోయాయి, మీరు లేని రోజుల్లో ఎవరు చూసుకుంటారు, ఇవన్నీ అందులో ఉండాలి. నోటితో అడిగితే మర్చిపోతారు, కాగితం మీద అడిగితే ఎవరో ఒకరు జవాబు రాయాల్సిందే. తేదీలు ఎంచుకునేటప్పుడు అరసవల్లి రథసప్తమి, సిరిమాను పండుగ వారాలు వదిలేయండి. ఆ రోజుల్లో మిమ్మల్ని పంపమని అడగడం ఎస్పీ గారిని ఇబ్బంది పెట్టడమే.

కోర్సు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం 20 కిలోలు దాటిన గంజాయి వాణిజ్య పరిమాణం కిందికి వస్తుంది. ఛార్జిషీటుకు 180 రోజుల గడువుంటుంది కాబట్టి మనవాళ్లు నిదానిస్తారు. కేసు పాడయ్యేది మాత్రం మొదటి మూడు రోజుల్లోనే. ముందస్తు సమాచారం మీద ఆ చట్టం 42వ సెక్షన్ కింద సోదా చేస్తే ఆ సమాచారం రాసిపెట్టి, 72 గంటల్లోగా నకలు పై అధికారికి పంపాలి. పట్టుకున్న 48 గంటల్లోగా 57వ సెక్షన్ కింద పూర్తి రిపోర్టు వెళ్లాలి. ఈ రెండు కాగితాలూ పంపిన తేదీ, వేళ స్టేషన్ జనరల్ డైరీలో కనిపించాలి. శాంపిళ్లు మెజిస్ట్రేటు ఎదుట తీయాలని 52ఏ, దాని కింద 2022 డిసెంబరులో వచ్చిన రూల్స్ చెబుతున్నాయి. రోడ్డు పక్కనే తూకం వేసి అక్కడే శాంపిల్ తీసే పాత అలవాటు ఇంకా మీ దగ్గర ఉంటే ఈ రోజే మానేయండి.

50వ సెక్షన్ గురించి విడిగా చెప్పాలి. మనిషి ఒంటి మీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ఎదుట గానీ మెజిస్ట్రేటు ఎదుట గానీ సోదా చేయించుకునే హక్కు ఉందని అతనికి తెలియజేయాలి. మీకు దొరికేవాళ్లలో ఒడియా తప్ప వేరే ముక్క రానివాళ్లు ఉంటారు. తెలుగులో టైపు చేసిన కాగితం మీద అతని వేలిముద్ర వేయిస్తే, అతనికి ఏం అర్థమైందని లాయరు అడగడా? ఇచ్ఛాపురంలో రెండు భాషలూ చదవడం, రాయడం వచ్చినవాళ్లకు కొదవ లేదు. ఆ నోటీసు ఒడియాలో రాయించి పెట్టుకోండి, చదివి వినిపించేటప్పుడు వీడియో తీయండి. సోదా, జప్తు మొత్తం రికార్డు చేయాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ ఎలాగూ చెబుతోంది.

ఇంకొక దారీ ఉంది. 2024 నవంబరులో మన రాష్ట్రంలో మత్తుపదార్థాల మీద ప్రత్యేకంగా ఈగల్ విభాగం పెట్టారు. 1972 హెల్ప్‌లైన్ వాళ్లదే. అక్కడికి పిలిస్తే లూప్‌లైన్, అంటే పక్కన పెట్టే పోస్టు, అనుకోకుండా వెళ్లండి. మీకున్న బోర్డర్ అనుభవం అక్కడ కావాల్సిందే.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా ఆయన హెడ్ కానిస్టేబుల్. ఇరవై రెండేళ్లు స్టేషన్లలోనే చేశారు. ఇప్పుడు పీటీసీకి ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. అప్పటినుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. పనికిరానివాణ్నని పక్కన పెట్టారంటున్నారు. మీరు అక్కడ చేశారు కదా, నాలుగు మాటలు చెప్పండి.

జవాబు: చెల్లెమ్మా, ఈ పేజీ ఆయన చేతికివ్వు. మిగతాది ఆయనకే రాస్తున్నాను.

బాబూ, నన్ను పీటీసీకి వేసినప్పుడు నేనూ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. స్టేషన్ అంటే జీపు, సైరను, ఊళ్లో మాట చెల్లడం. పీటీసీ అంటే తెల్లారకముందే గ్రౌండు, తర్వాత క్లాసు, సాయంత్రం మళ్లీ గ్రౌండు. మొదటి నెల అలాగే గడిచింది. రెండో నెలలో ఒక ట్రైనీ లేచి, "సార్, ఆడమనిషి ఒంటరిగా వచ్చి కంప్లైంట్ ఇస్తే మొదట ఏం అడగాలి?" అన్నాడు. పుస్తకంలో సెక్షన్ ఉంది గానీ ఆ ప్రశ్నకు జవాబు లేదు. ముందు కూర్చోమనాలి, మంచినీళ్లివ్వాలి, మహిళా కానిస్టేబుల్‌ని పిలవాలి, ఆమె చెప్పేది మధ్యలో ఆపకూడదు. ఇది స్టేషన్లో పదేళ్లు చేసినవాడే చెప్పగలడు. మీరు ఇరవై రెండేళ్లు చేశారు.

నా క్లాసులో కూర్చున్న పిల్లలు ఇవాళ ఈ రెండు జిల్లాల్లో చాలా స్టేషన్లలో రైటర్లుగా, ఏఎస్సైలుగా ఉన్నారు. మొన్న నరసన్నపేట వెళ్లినప్పుడు ఒకతను ఆపి నమస్కారం పెట్టాడు. ఎఫ్‌ఐఆర్‌లో ఆలస్యానికి కారణం రాయడం మీరే నేర్పారు సార్ అన్నాడు. అతని పేరు నాకు గుర్తులేదు, ఆ పాఠం అతనికి గుర్తుంది.

అక్కడ ఉన్నన్నాళ్లూ మీరు కూడా చదవండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లో 358, బీఎన్‌ఎస్‌ఎస్‌లో 531, కొత్త సాక్ష్య చట్టంలో 170 సెక్షన్లు. స్టేషన్లో ఉన్నవాళ్లకు ఇవి తీరిగ్గా చదివే వీలు లేదు, మీకు ఉంది. భోపాల్‌లో సెంట్రల్ అకాడమీ ఫర్ పోలీస్ ట్రైనింగ్ ఉంది. పాఠం ఎలా చెప్పాలో ఇన్‌స్ట్రక్టర్లకు నేర్పే కోర్సులు వేరేగా ఉంటాయి. మీ ప్రిన్సిపల్ గారిని వాటి గురించి అడగండి.

ప్రశ్న: బొబ్బిలి వైపు సీఐని. నలభై తొమ్మిదేళ్లు. కొత్త చట్టాల కంటే ఫోన్లు, యాప్‌లు, హాష్ వాల్యూలే భయంగా ఉన్నాయి. నా కింద ఉన్న కుర్ర కానిస్టేబుల్‌కు ఇవన్నీ వచ్చు. అతణ్ని అడగాలంటే నామోషీగా ఉంది.

జవాబు: అడగండి. గది తలుపు వేసుకుని అడిగినా ఫర్వాలేదు, అడగడం మాత్రం మానొద్దు.

హాష్ వాల్యూ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. వీడియోలో ఒక్క క్షణం మార్చినా ఆ అంకె మారిపోతుంది. కాబట్టి జప్తు చేసిన రోజు ఉన్న అంకె, కోర్టులో చూపించిన రోజు అంకె ఒకటే అయితే ఎవరూ చెయ్యి పెట్టలేదని తేలుతుంది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఈ అంకె రాయాలి. అందులో రెండు భాగాలున్నాయి, రెండోది నిపుణుడు సంతకం చేయాల్సింది. ఇంతే. వేలిముద్రల గురించి మీకు ముప్పై ఏళ్లుగా తెలుసు, దీని గురించి తెలుసుకోడానికి ఒక మధ్యాహ్నం చాలు.

ప్రభుత్వ ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ వేదిక ఐగాట్ కర్మయోగిలో, కేంద్ర సైబర్ నేరాల సమన్వయ కేంద్రం నడిపే సైట్రెయిన్ వెబ్‌సైట్‌లో కోర్సులు ఉన్నాయి. ఇంట్లోనే వినొచ్చు, చివర్లో పరీక్ష రాస్తే సర్టిఫికెట్ వస్తుంది. రోజుకు అరగంట పెట్టుకోండి. సైబర్ మోసంలో డబ్బు పోయి 1930 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసిన రైతు తర్వాత మీ స్టేషన్‌కే వస్తాడు. మొదటి గంటల్లో డబ్బు ఆపించడం ఎలాగో సీఐకి తెలియకపోతే ఆ రైతు పంట డబ్బు పోయినట్టే.

ఇక ఆ కుర్రాడి సంగతి. 2024 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖ సైబర్ కమాండోల కార్యక్రమం మొదలుపెట్టింది. ఐదేళ్లలో 5,000 మందిని తయారు చేయాలని లక్ష్యం. రాష్ట్రాల పోలీసుల నుంచే ఎంపిక చేసి పెద్ద సంస్థల్లో శిక్షణ ఇస్తారు. దాని గురించి అతనికి తెలుసో లేదో కనుక్కోండి. మీరు అతని దగ్గర నేర్చుకోండి, అతని దరఖాస్తు మీద మీరే నాలుగు మంచి మాటలు రాయండి.

ప్రశ్న: సార్, విజయనగరం జిల్లాలో మహిళా ఎస్సైని. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో పోలీసుగా పనిచేయాలని చదువుకునే రోజుల నుంచి కోరిక. ఇద్దరు చిన్నపిల్లలు. మాలాంటి మండల స్టేషన్ల వాళ్లకు అవకాశం ఉంటుందా?

జవాబు: ఉంటుందమ్మా. 2007లో లైబీరియాకు వెళ్లిన మన మహిళా పోలీసు దళం ఐక్యరాజ్యసమితి చరిత్రలోనే మొదటి పూర్తి మహిళా దళం. దాదాపు తొమ్మిదేళ్లపాటు మన ఆడపిల్లలు బ్యాచ్ తర్వాత బ్యాచ్ అక్కడ పనిచేశారు. అది సీఆర్‌పీఎఫ్ దళం, రాష్ట్ర పోలీసులకు వీలుపడేది కాదు అంటారేమో. మరి 2014లో ఐక్యరాజ్యసమితి ఉత్తమ మహిళా పోలీసు పురస్కారం అందుకున్న శక్తీదేవి జమ్మూ కశ్మీర్ పోలీసు ఇన్‌స్పెక్టరు. అఫ్గానిస్థాన్‌లో పనిచేశారు. ఆవిడా రాష్ట్ర పోలీసు శాఖ నుంచి వెళ్లినవారే.

మీలాంటివాళ్లు వ్యక్తిగత పోలీసు అధికారిగా, అంటే దళంతో కాకుండా విడిగా, వెళ్లొచ్చు. ఐక్యరాజ్యసమితి నిబంధన ప్రకారం ట్రైనింగ్ కాలం తీసేసి కనీసం ఐదేళ్ల సర్వీసు ఉండాలి. కేంద్ర హోంశాఖ పేర్లు పిలుస్తుంది, అది మళ్లీ రాష్ట్రం, జిల్లా మీదుగా రావాలి. అంటే ఆ మెసేజ్ ఎక్కడైనా ఆగిపోవచ్చు. కాబట్టి ఆసక్తి ఉందని ఇప్పుడే ఎస్పీ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి ఉంచండి. శాఖకు తెలియజేసి పాస్‌పోర్టు తీసుకోండి. పిలుపు వచ్చాక పాస్‌పోర్టుకు తిరిగితే గడువు దాటిపోతుంది.

పరీక్ష మూడు విషయాల్లో ఉంటుంది. ఇంగ్లిషు, డ్రైవింగ్, కాల్పులు. మనవాళ్లు ఇంగ్లిషుకే భయపడతారు గానీ ఎక్కువమంది దెబ్బతినేది డ్రైవింగ్ దగ్గర అని నా అనుభవం. మనకు జీపుతో పాటు డ్రైవరూ ఉంటాడు, స్టీరింగ్ పట్టుకునే అవసరమే రాదు. ఆదివారం పొద్దున్నే పరేడ్ గ్రౌండులో స్టేషన్ బొలెరో మీరే నడపండి. రివర్సులో, సందుల్లో, అద్దాలు చూసుకుంటూ. ఇంగ్లిషుకు, మీ పాత కేసు ఒకటి తీసుకుని రోజూ ఒక పేజీ రిపోర్టు ఇంగ్లిషులో రాయండి. రేడియో వార్తలు విని, విన్నది రాసుకోండి. వాళ్లు చూసేది విన్నది అర్థమైందా, అర్థమైంది రాయగలరా అనే.

పిల్లల గురించి మీరు ఒక్క మాటే రాశారు. మీ మనసులో ఉన్నది అదేనని నాకు అర్థమైంది. సాధారణంగా ఏడాది ఉండాల్సి వస్తుంది. అమ్మతో, అత్తగారితో, ముఖ్యంగా మీ ఆయనతో ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. ఎంపికయ్యాక చెబితే అది వాళ్లకు పిడుగులా ఉంటుంది. వాళ్లు ఈసారికి వద్దంటే పిల్లలు కాస్త ఎదిగాక మళ్లీ ప్రయత్నించొచ్చు, తొందరేమీ లేదు.

ప్రశ్న: విదేశీ పోలీసు అధికారుల సంఘాల్లో సభ్యత్వం తీసుకోవచ్చా? పత్రికలకు వ్యాసాలు రాయొచ్చా? – ఒక యువ డీఎస్పీ, శ్రీకాకుళం జిల్లా

జవాబు: 1893 నుంచి నడుస్తున్న అంతర్జాతీయ పోలీసు చీఫ్‌ల సంఘం లాంటివి ఉన్నాయి. వాటి పత్రికలు చదవండి, మంచి విషయాలుంటాయి. సభ్యత్వం మాత్రం అనుమతి లేకుండా వద్దు. పోలీసు బలగాల హక్కుల నియంత్రణ చట్టం 1966 నుంచి ఉంది. ఏ సంఘంలో చేరాలన్నా, పత్రికలకు రాయాలన్నా దాని మూడో సెక్షన్ చదివి అడుగు వేయండి. సాహిత్యం, కళ, శాస్త్రం మీద రాతలకు వెసులుబాటు ఉంది. వృత్తి వ్యాసాలకు ఇండియన్ పోలీస్ జర్నల్ ఉంది, అనుమతితో దానికి పంపండి. ఉద్దానం గ్రామాల్లో తుపాను రాత్రి పోలీసు ఏం చేయాలో, తిత్లీ వచ్చిన 2018లో ఇక్కడ పనిచేసినవాళ్లు రాస్తే దేశమంతా చదువుతుంది.

ప్రశ్న: పతకాలకు మన పేరు ఎవరు పంపుతారు?

జవాబు: మీ పై అధికారులు. రాష్ట్రపతి పతకాలు జనవరి 26న, ఆగస్టు 15న ప్రకటిస్తారు. దర్యాప్తులో ప్రతిభకు ఇచ్చే కేంద్ర గృహమంత్రి దక్షతా పదక్ అక్టోబరు 31న. ప్రతిపాదన అడిగినప్పుడు వెతుక్కోకుండా మీ మంచి కేసుల తీర్పు కాపీలు, రివార్డుల ఉత్తర్వులు ఒక ఫైల్లో పెట్టుకోండి.

ప్రశ్న: మీరు ట్రైనింగులకు వెళ్లండి, పంపండి అంటారు. నా స్టేషన్లో చేతికొచ్చేది పద్నాలుగు మంది. అందులో కోర్టు డ్యూటీ, సమన్లు, గస్తీ పోను ఎవరు మిగులుతారు? ఇద్దరిని పంపితే స్టేషన్ ఎలా నడపాలి? – సీఐ, పలాస ప్రాంతం

జవాబు: ఈ ఉత్తరానికి జవాబు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇదే మాట అన్నాను.

నేను సీఐగా ఉన్నప్పుడు ఒక హెడ్ కానిస్టేబుల్ ఉండేవారు. దొంగతనం జరిగిన ఇంట్లో వేలిముద్రలు వెతకడంలో ఆయన కన్ను చురుకు. సొంత డబ్బుతో భూతద్దం కొనుక్కున్నారు. వేలిముద్రల నిపుణుల అఖిల భారత పరీక్షకు తయారవ్వాలని, శిక్షణకు రిలీవ్ చేయమని నా దగ్గరికి రెండుసార్లు వచ్చారు. మొదటిసారి ఎన్నికలున్నాయన్నాను. రెండోసారి, మీరు లేకపోతే స్టేషన్ నడవదు అన్నాను. పొగిడాననుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. హెడ్ కానిస్టేబుల్‌గానే కొన్నాళ్లుండి, ఏఎస్సై అయి రిటైరయ్యారు. ఎస్సైగా ఉన్నప్పుడు నాకు రావలసిన మెసేజ్ ఎవరో ఆపితే బాధపడ్డవాణ్ని, ఆయన దారి నేను ఆపాను. ఇద్దరిలో ఎక్కువ నష్టపోయింది ఆయనే, ఆయన దర్యాప్తు చేయగలిగిన కేసుల బాధితులూనూ.

కాబట్టి మీకు చెప్పేది ఇది. పద్నాలుగు మందిలో ఇద్దర్ని ఒకేసారి పంపనక్కర్లేదు. రెండు నెలలకు ఒకరు చొప్పున, ఏడాదికి ఆరుగురి పేర్లు ఇప్పుడే రాసి పెట్టండి. ఎవరి వంతు ఎప్పుడో రోల్‌కాల్‌లో అందరికీ చెప్పండి. తన వంతు వస్తుందని తెలిస్తే, పక్కవాడి గస్తీ ఒక వారం మోయడానికి ఎవరూ విసుక్కోరు. వెళ్లినవాడు తిరిగొచ్చాక వచ్చే శనివారం, నేర్చుకున్నది మిగతావాళ్లకు ఒక గంట చెప్పాలి. మీ సర్కిల్లో ఇంకో రెండు స్టేషన్లుంటే ఆ మూడింటి మధ్య మనుషుల్ని సర్దుకోండి, డీఎస్పీ గారికి ముందే చెప్పి చేస్తే కాదనరు. కార్తీక మాసం గుళ్ల బందోబస్తుకు, జీడిపప్పు సీజన్లో హైవే లారీలకు మనుషులు కావాలి. ఆ వారాలు వదిలేసి క్యాలెండర్ వేయండి.

జాబితాలో మొదటి పేరు మిమ్మల్ని ఇప్పటికే ఒకసారి అడిగి కాదనిపించుకున్నవాడిది పెట్టండి. అలాంటివాడు మీ స్టేషన్లో ఒకరుంటారు. ఆయన ఎవరో మీకు తెలుసు.